రైస్ మిల్లులో వేళ్లు పోయిన తమ్ముడికి పరిహారం ఎంత, ఎలా చేతికొస్తుంది?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా తమ్ముడికి 30 ఏళ్లు. పాతపట్నం వైపు ఒక రైస్ మిల్లులో మేస్త్రి ద్వారా 2024 నవంబరు 1న పనికి చేరాడు. 2025 మార్చి 10 రాత్రి డ్యూటీలో ఎలివేటర్ బెల్టు జారితే సర్దబోయాడు. కుడి చెయ్యి పుల్లీలో పడి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. బరంపురంలో ఆపరేషన్ ఖర్చు మిల్లు వాళ్లే కట్టారు. ఆసుపత్రి చీటీలో మాత్రం ఇంటి దగ్గర గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పడిందని రాయించారు. తర్వాత 20,000 రూపాయలు చేతిలో పెట్టి, ఇక ఏ సంబంధమూ లేదని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ తర్వాత కట్లకూ మందులకూ మేం 18,600 పెట్టుకున్నాం. ఈఎస్ఐ కార్డు ఏదీ ఇవ్వలేదు. మిల్లు వాళ్లను అడిగితే మేస్త్రిని అడగమంటారు, మేస్త్రిని అడిగితే మిల్లుకు వెళ్లమంటాడు. పరిహారం నెలనెలా ఇస్తారా, ఒకేసారి ఇస్తారా? ఆంధ్రాలో జరిగినదానికి ఒడిశాలో అడగొచ్చా? సంతకం పెట్టేశాం కదా, ఇంకా హక్కుందా?
— ఒక అక్క, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, హక్కుంది. ఆ సంతకంతో అది పోలేదు. మీ ఉత్తరంలో కూలి ఎంతో రాయలేదు, నెలకు 14,000 అనుకుంటే మీ తమ్ముడికి రావాల్సింది సుమారు 3,49,000 రూపాయలు, దానిమీద వడ్డీ, మీరు పెట్టిన మందుల ఖర్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు, అంటే 2027 మార్చి 10 లోపు దరఖాస్తు పడాలి. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే మన్నించే అధికారం నష్టపరిహార కమిషనర్‌కు, అంటే ఈ కేసులు విచారించి తీర్పిచ్చే అధికారికి ఉంది గానీ, ఆ మన్నింపును నమ్ముకుని కూర్చోకండి.

మిల్లు వాళ్లు ఇచ్చిన 20,000 మీకు దయగా కనిపించి ఉండొచ్చు. చట్టం దృష్టిలో పరిహారం దయా కాదు, బేరమూ కాదు, లెక్క. నెల జీతం, వయసు, పోయిన అవయవానికి కట్టిన శాతం, ప్రమాదం తేదీ అనే నాలుగు అంకెల మీద ఆ లెక్క నడుస్తుంది. యజమానులు తగ్గించాలని చూసేదీ, కార్మికులు కాగితం లేక పోగొట్టుకునేదీ ఈ నాలుగింటిలోనే. అందుకే ఒక్కో అంకెను విడిగా చెబుతాం.

ముందు ఏ చట్టం వర్తిస్తుందో చూద్దాం. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. మీ తమ్ముడి ప్రమాదం అంతకుముందే మార్చిలో జరిగింది కాబట్టి పాత ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923 ప్రకారమే అడగాలి. కొత్త కోడ్‌లోనూ లెక్క కట్టే పద్ధతి ఇదే. ఇంటి నుంచి పనికి వెళ్తూనో తిరిగొస్తూనో దారిలో జరిగిన ప్రమాదాన్ని, పనితో దానికున్న సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టే చూడాలని కోడ్ స్పష్టంగా చెబుతోంది. నవంబరు 21 తర్వాత దెబ్బతిన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఈఎస్ఐ సంగతి, అంటే యజమాని, కార్మికుడు ఇద్దరూ చందా కట్టే ప్రభుత్వ బీమా. ఇది మొదట తేల్చుకోవాలి. ఎందుకంటే ఈఎస్ఐ కింద బీమా ఉన్న కార్మికుడు ప్రమాదానికి యజమాని దగ్గర విడిగా నష్టపరిహారం అడగడానికి ఈఎస్ఐ చట్టం ఒప్పుకోదు. ఒక దారి తెరిచి ఉంటే రెండోది మూసి ఉంటుంది. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే ఫ్యాక్టరీలో, ఈఎస్ఐ అమల్లో ఉన్న ప్రాంతంలో, నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. జీతంలోంచి 0.75 శాతం కోత పడుతుంది, యజమాని 3.25 శాతం కలుపుతాడు. కార్డు ఇవ్వలేదంటే పేరు నమోదు కాలేదని అర్థం కాదు. నంబరు ఉండీ కార్మికుడికి తెలియని సందర్భాలున్నాయి. తమ్ముడి ఆధార్, ఫోన్ నంబరు తీసుకుని దగ్గరలోని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అతని పేరు మీద బీమా నంబరు ఉందా, ఆ మిల్లు నమోదై ఉందా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.

నంబరు ఉందని తేలితే డబ్బు వచ్చే తీరు పూర్తిగా మారిపోతుంది. పనికి వెళ్లలేని రోజులన్నిటికీ, ఆదివారాలతో సహా, సగటు రోజు వేతనంలో 90 శాతం ఈఎస్ఐ నేరుగా బ్యాంకులో వేస్తుంది. పని ప్రమాదానికి ఇంతకాలం చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వస్తుంది. గాయం మానాక వైద్య బోర్డు సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో తేలుస్తుంది, ఆ శాతం ప్రకారం బతికున్నంత కాలం నెలనెలా వస్తుంది. రోజు వేతనం 500 అనుకుంటే పూర్తి రేటు 450, అందులో 20 శాతం రోజుకు 90, నెలకు దాదాపు 2,700. అంకె చిన్నదిగా కనిపిస్తుంది. ముప్పయ్యేళ్ల మనిషికి జీవితాంతం వచ్చే మొత్తంగా చూస్తే చిన్నది కాదు.

నంబరు లేదని, ఆ మిల్లు ఈఎస్ఐ కిందికి రాదని తేలితే 1923 చట్టమే దారి. మీ ఉత్తరం చూస్తే ఇదే అయ్యేటట్టుంది కాబట్టి మిగతాదంతా ఈ దారి గురించే.

మొదటి అంకె, జీతం. అందరూ తడబడేది ఇక్కడే. పన్నెండు నెలలు తెగకుండా ఒకే యజమాని దగ్గర చేసినవాడికి ఏడాది సంపాదనను 12తో భాగిస్తారు. మీ తమ్ముడికి అంత కాలం లేదు. అలాంటివాళ్లకు చివరిసారి తెగకుండా చేసిన కాలంలో వచ్చిన మొత్తం కూలిని ఆ కాలంలోని రోజులతో భాగించి 30తో హెచ్చిస్తారు. మధ్యలో 14 రోజులకు మించి పనికి రాకుండా ఉంటేనే తెగినట్టు. నవంబరు 1 నుంచి మార్చి 9 వరకు 129 రోజులు. ఆ 129 రోజుల్లో రోజుకూలి, రాత్రి డ్యూటీ డబ్బు కలిపి 60,200 వచ్చిందనుకుందాం. 60,200ను 129తో భాగించి 30తో హెచ్చిస్తే నెల జీతం 14,000. మీ తమ్ముడి అసలు మొత్తం తేలాక ఇదే సూత్రంలో వేసుకోండి. డబ్బే కాదు, మిల్లు వాళ్లు ఉచితంగా ఇచ్చే బియ్యం, బస లాంటివాటికి డబ్బులో విలువ కట్టగలిగితే అవీ జీతంలోకి వస్తాయి. దారి ఖర్చులు రావు. లెక్కకు తీసుకునే గరిష్ఠ జీతం నెలకు 15,000. ఇది 2020 జనవరి 3 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు 8,000గా ఉండేది. జీతం 22,000 ఉన్నా 15,000 దగ్గరే ఆపుతారు.

మిల్లు వాళ్లు నెలకు 9,000 మాత్రమే ఇచ్చామని ఒక వోచరు చూపించారనుకోండి. అదొక్కటి నిలబడితే పరిహారం 1,24,000కు పైగా తగ్గిపోతుంది. దానికి ఎదురు చూపించాల్సింది మీ కాగితాలు: తమ్ముడు కూలి రాసుకున్న పుస్తకం, ఫోన్‌పే, గూగుల్ పే జమలు, బ్యాంకు స్టేట్‌మెంటు, అదే పని చేసే ఇంకో కూలీ వాంగ్మూలం. ఏ రుజువూ దొరకకపోతే కనీస వేతనం కంటే తక్కువ లెక్క ఒప్పుకోవద్దు.

రెండో అంకె, వయసు. ప్రమాదం నాటికి నిండిన ఏళ్లను బట్టి చట్టంలోని నాలుగో షెడ్యూల్‌లో ఒక గుణకం ఉంటుంది. 25 ఏళ్లకు 216.91, 30కి 207.98, 35కి 197.06, 40కి 184.17. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఆధార్‌లో తమ్ముడి వయసు 35 అని తప్పుగా పడి ఉంటే 18,000కు పైగా పోతుంది. బడి సర్టిఫికెట్ ఉంటే దరఖాస్తుతో పాటే పెట్టండి, తర్వాత వెతుక్కోవద్దు.

మూడో అంకె, శాతం. బొటనవేలు పోతే 30, ఒకే చేతికి రెండు వేళ్లు పోతే 20, మూడు పోతే 30, నాలుగూ పోతే 50 అని మొదటి షెడ్యూల్‌లోనే రాసి ఉంది. దీన్ని డాక్టరు తనకు తోచినట్టు తగ్గించడానికి లేదు. అయితే వేలు ఎక్కడిదాకా పోయిందన్నది డాక్టరు రాసే మాట మీదే ఉంటుంది. చూపుడు వేలు మొత్తం పోతే 14, రెండు కణుపులు పోతే 11, ఒక కణుపు పోతే 9, ఎముక పోకుండా కొస తెగితే 5. మధ్య వేలికి అదే వరసలో 12, 9, 7, 4. సర్టిఫికెట్‌లో వేళ్లకు దెబ్బ అని మాత్రమే రాసి ఊరుకుంటే అవతలి వకీలు దాన్ని ఒక కణుపు దగ్గరికి దించుతాడు. పాత ఎక్స్‌రే, ఇప్పుడు తీయించిన కొత్త ఎక్స్‌రే పట్టుకెళ్లి, ఏ కీలు దగ్గర తెగిందో అదే మాట రాయమని డాక్టరును అడగండి. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో ఎముకల డాక్టరు రాసినా చెల్లుతుంది.

విడివిడిగా చూస్తే 14, 12 కలిపి 26 అవుతుంది కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఒకే చేతి రెండు వేళ్లకు 20 అని ప్రత్యేకంగా పద్దు ఉంది కాబట్టి సాధారణంగా దాన్నే తీసుకుంటారు. దరఖాస్తులో 26 అడగడం తప్పు కాదు, ఇంట్లో లెక్క మాత్రం 20తోనే వేసుకోండి.

ఇక్కడ ఇంకో పొరపాటు చాలామందికి జరుగుతోంది. పింఛను కోసం తీసుకునే వికలాంగ సర్టిఫికెట్ వేరు, అది ఆంధ్రాలో సదరం అయినా, ఒడిశాలో యూడీఐడీ అయినా. అందులో ఉండేది శరీర వైకల్యం శాతం. పరిహారానికి కావలసింది సంపాదన శక్తి ఎంత తగ్గిందన్నది. ఆ సర్టిఫికెట్‌లో 8 శాతం అని ఉన్నా షెడ్యూల్‌లోని 20 శాతం తగ్గదు.

20 కంటే ఎక్కువ అడగడానికి దారి ఉందా? ఉంది, మన ప్రాంతం నుంచే వెళ్లిన కేసు ఉంది. 1968లో కొరాపుట్ జిల్లా జయపురంలో ఒక సినిమా హాలు పనిలో వడ్రంగి కింద పడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఒక చెయ్యే పోయింది కదా అని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగి పని చేయలేడు కాబట్టి అతని సంపాదన శక్తి పూర్తిగా పోయినట్టే అని సుప్రీంకోర్టు తేల్చింది. మీ తమ్ముడు మిల్లులో బస్తాలు ఎత్తే పని చేసేవాడా, మిషన్ నడిపేవాడా, ఇప్పుడు ఆ పని చేయగలడా అన్నది ఈ తీర్పును బట్టి చెప్పించవచ్చు. కుడి చేతి పట్టు ఎంత తగ్గిందో డాక్టరు రాస్తే బలం. రెండు వేళ్లకు 100 శాతం ఇస్తారని మాత్రం అనుకోవద్దు.

లెక్క ఇదీ. శాశ్వతంగా పూర్తి అశక్తత వస్తే నెల జీతంలో 60 శాతాన్ని గుణకంతో హెచ్చిస్తారు. 14,000లో 60 శాతం 8,400. దాన్ని 207.98తో హెచ్చిస్తే 17,47,032. అందులో 20 శాతం 3,49,406. ఇది ఒకేసారి ఇవ్వాల్సిన మొత్తం. మీ మొదటి ప్రశ్నకు ఇదే జవాబు: ఈ చట్టం కింద శాశ్వత నష్టానికి డబ్బు నెలనెలా రాదు, ఒకేసారి వస్తుంది.

పనికి వెళ్లలేక ఇంట్లో ఉన్న కాలానికి మాత్రం పదిహేను రోజులకొకసారి ఇవ్వాలి. నెల జీతంలో 25 శాతం, అంటే పక్షానికి 3,500. ప్రమాదం తర్వాత పదహారో రోజున మొదటిది పడాలి. అశక్తత 28 రోజులు నిండితే మొదటి రోజు నుంచీ లెక్క, నిండకపోతే మొదటి మూడు రోజులు తీసేస్తారు. మిల్లు వాళ్లు ఇది ఒక్కటీ ఇవ్వలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. శాశ్వత నష్టం తేలాక వచ్చే పెద్ద మొత్తంలోంచి ఇలా అందుకున్నవాటిని మినహాయిస్తారు కాబట్టి రెండూ పూర్తిగా కలిసి వస్తాయని అనుకోకండి. పక్షానికొకసారి ఇచ్చేది ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండటానికి. గాయం మానుతున్న రోజుల్లోనే పట్టుబట్టి అడగాల్సింది అదే. ఇప్పుడు ఎవరైనా కొత్తగా దెబ్బతిని ఇంట్లో ఉంటే ఈ పదహారో రోజును వదులుకోవద్దు.

ఆసుపత్రి ఖర్చు వేరే ఖాతా. 2009 సవరణ తర్వాత, పనిలో తగిలిన గాయానికి నిజంగా అయిన వైద్య ఖర్చంతా యజమానే భరించాలి. వైద్యానికి ఇచ్చిన డబ్బును పరిహారంలోంచి మినహాయించుకోకూడదని కూడా చట్టంలో ఉంది. బరంపురంలో లక్ష కట్టాం, అందులోంచే తీసుకోండి అని మిల్లు వాళ్లు అంటే ఆ మాట చెల్లదు. మీరు పెట్టిన 18,600 కూడా వాళ్లే ఇవ్వాలి, బిల్లులుంటే. మందుల షాపు చీటీలు పోయి ఉంటే ఇప్పుడే వెళ్లి తేదీ చెప్పి నకళ్లు రాయించుకోండి. ఆలస్యమైతే షాపు వాళ్లు పాత రికార్డు తీసి వెతకరు.

ఇక స్టాంపు కాగితం. ఈ చట్టం కింద వచ్చే హక్కును వదులుకుంటానని కార్మికుడు రాసిచ్చిన ఒప్పందం పదిహేడో సెక్షన్ ప్రకారం చెల్లదు. రాజీ కుదిరితే యజమాని దాని నకలును కమిషనర్‌కు పంపి రిజిస్టర్ చేయించాలి, మొత్తం తక్కువగా ఉందనుకుంటే కమిషనర్ దాన్ని తిప్పికొట్టవచ్చు. అలా పంపకపోతే యజమాని పూర్తి పరిహారం కట్టాల్సిందే. పైగా ముందు ఇచ్చిన డబ్బులో సగానికి మించి మినహాయించుకోలేడు, కమిషనర్ వేరేగా ఆదేశిస్తే తప్ప. ఈ లెక్కన మీ విషయంలో 20,000లో 10,000 మాత్రమే తగ్గవచ్చు. 20,000 తీసుకున్న సంగతి దరఖాస్తులో మీరే రాయండి. దాచి, తర్వాత బయటపడితే మీ మిగతా మాటల మీద నమ్మకం పోతుంది.

ఆసుపత్రి చీటీలోని అబద్ధం ఈ కేసులో గట్టి అడ్డంకి. కానీ దాటలేనిది కాదు. ఇంటి దగ్గర గడ్డి మిషన్‌లో పడితే మిల్లు వాళ్లు బరంపురం ఆసుపత్రి బిల్లు ఎందుకు కట్టారన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఆ చెల్లింపు ఫోన్ నుంచి జరిగి ఉంటే ఆసుపత్రి రసీదు మీద ఆ వివరం ఉంటుంది, నకలు తెచ్చుకోండి. 108 అంబులెన్స్ వచ్చి ఉంటే ఎక్కడ, ఎన్ని గంటలకు ఎక్కించుకున్నారో వాళ్ల రికార్డులో ఉంటుంది, సమాచార హక్కు దరఖాస్తుతో తీసుకోవచ్చు. ఆ రాత్రి తమ్ముడి ఫోన్ నుంచి మీకొచ్చిన కాల్, తోటి కూలీలు పెట్టిన వాట్సాప్ వాయిస్ మెసేజీలు చెరిపేయకండి. ఫోన్ మార్చినా పాతది పారేయకండి. ప్రమాదం తర్వాత 48 గంటలకు మించి పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు యజమాని తెలియజేయాలి. తెలియజేశాడా అని ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల శాఖకు కూడా ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెలియజేస్తే అది మీకు సాక్ష్యం. తెలియజేయకపోతే అది అతని తప్పు.

జాగ్రత్తగా ఉండమన్నాం, తనే చెయ్యి పెట్టాడు అని మిల్లు వాళ్లు అనవచ్చు. అజాగ్రత్త ఈ చట్టంలో సాకు కాదు. తాగి ఉండటం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, మిషన్‌కు ఉన్న గార్డును కావాలని తీసేయడం, ఈ మూడింటిలో ఒకటి యజమాని రుజువు చేస్తేనే తప్పించుకోగలడు. మనిషి చనిపోయినా, పూర్తిగా అశక్తుడైనా ఈ మూడూ పనికిరావు. తిరుగుతున్న పుల్లీకి గార్డే లేకపోతే గార్డు తీసేశాడన్న మాట ఎక్కడిది? ఆ పుల్లీ ఫోటో ఎవరైనా తోటి కూలీ దగ్గర ఉంటే తీసుకోండి.

మేస్త్రిని అడుగు, మిల్లును అడుగు అన్న ఆటకు కూడా చట్టంలో జవాబుంది. మిల్లు పనిని మేస్త్రికి కాంట్రాక్టుకిచ్చినా, ఆ పనిలో దెబ్బతిన్న మనిషికి పరిహారం మిల్లు యజమానే ఇవ్వాలి. తర్వాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవడం అతని పాట్లు. రోజుకూలీ అన్న మాట కూడా అడ్డు కాదు, 2000 సవరణతో తాత్కాలిక కూలీలను మినహాయించే మాటను తీసేశారు. దరఖాస్తులో యజమాని, మేస్త్రి ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. మిల్లుకు బీమా పాలసీ ఉంటే ఆ కంపెనీని కూడా. ఇన్సూరెన్స్ వాళ్లు ఇస్తే ఇస్తాం అనడం మీకు పట్టనవసరం లేదు, పాలసీ ఉన్నా లేకపోయినా బాధ్యత యజమానిదే.

ఎక్కడ వేయాలి? ప్రమాదం జరిగిన చోటి కమిషనర్ దగ్గర వేయవచ్చు, దరఖాస్తుదారు ఉండే చోటి కమిషనర్ దగ్గర కూడా వేయవచ్చు. అంటే శ్రీకాకుళం జిల్లా, గజపతి జిల్లా రెండూ మీకు తెరిచే ఉన్నాయి. ఒడిశాలో వేస్తే ఇక్కడి కమిషనర్ అక్కడి కమిషనర్‌కూ ఆ రాష్ట్ర ప్రభుత్వానికీ నోటీసు పంపాకే ముందుకు వెళ్లగలడు, దానికి కొంత కాలం పడుతుంది. మా అభిప్రాయంలో మీ కేసు శ్రీకాకుళంలో వేయడం మేలు. సాక్షులు ఆ ఊరి వాళ్లే, మిల్లు, ఫ్యాక్టరీల శాఖ రికార్డులు అక్కడివే, కూలి పుస్తకం తెలుగులో ఉంటుంది, పాతపట్నం మీకు పక్కనే. అదే గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లి చెయ్యి పోగొట్టుకుని ఇంటికొచ్చిన వాడైతే ఊళ్లోనే వేయాలని చెప్పేవాళ్లం. ప్రతి వాయిదాకూ సూరత్ వెళ్లి ఎవరు నెగ్గగలరు? లేబర్ ఆఫీసుకు వెళ్లి నష్టపరిహార కమిషనర్ ఎవరని అడగండి. మహారాష్ట్ర వైపు సిరొంచ, రాజురా ప్రాంతాల పాఠకులకు ఒక మాట, అక్కడ ఈ పని లేబర్ కోర్టు, సివిల్ కోర్టు జడ్జీలు చూస్తారు, లేబర్ ఆఫీసర్ కాదు.

దరఖాస్తుకు ముందు యజమానికి నోటీసు ఇవ్వండి. పేరు, చిరునామా, ప్రమాదం తేదీ, ఎలా జరిగిందో మామూలు మాటల్లో నాలుగు వాక్యాలు, లెక్క కట్టిన మొత్తం. అంతే చాలు. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే సేవతో పంపి, రసీదును నోటీసు నకలుకు కుట్టి ఉంచండి. యజమానికి ప్రమాదం సంగతి ముందే తెలుసు కాబట్టి నోటీసు ఆలస్యమైందన్న వాదన నిలవదు. అయినా పంపండి. నోటీసు అందాక మూడు రోజుల్లో యజమాని తన ఖర్చుతో డాక్టరు పరీక్ష చేయిస్తానంటే తమ్ముడు వెళ్లాలి, నిరాకరిస్తే హక్కు ఆగిపోతుంది. ఆ డాక్టరు ముందు ఏ తెల్ల కాగితం మీదా సంతకం పెట్టకూడదు.

దరఖాస్తు రాయడం మీకు చేతకాకపోతే, చదువు రాని దరఖాస్తుదారు కోరితే కమిషనర్ ఆఫీసులోనే దాన్ని తయారు చేయించాలని చట్టంలో ఉంది. వకీలు కావాలనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. వచ్చిన డబ్బులో మూడో వంతు నాకు అనే వకీలుతో మాట్లాడుకోకండి. గెలిచిన మొత్తంలో వాటా ఫీజుగా తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. లేబర్ ఆఫీసు బయట తిరిగే దళారులు అడిగే కమీషన్ గురించి చెప్పక్కర్లేదు.

నాలుగో అంకె తేదీ. పరిహారం ప్రమాదం రోజే బాకీ పడుతుందని ఆ జయపురం కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, కమిషనర్ తీర్పు రోజున కాదు. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ. 3,49,406 మీద ఏడాదికి 41,928 రూపాయలు. ఆలస్యానికి సరైన కారణం లేదని కమిషనర్ అనుకుంటే, యజమానిని వివరణ అడిగాక, 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు, మీ కేసులో అది 1,74,703 వరకు. అడగనివాళ్లకు ఇది రాకుండా పోతోంది, దరఖాస్తులో వడ్డీ, జరిమానా రెండూ వేరువేరుగా కోరండి. బీమా కంపెనీ పరిహారం, వడ్డీ కడుతుంది. జరిమానా మాత్రం యజమాని సొంత డబ్బు. మిల్లు వాళ్లు త్వరగా తేల్చుకోవాలని అనుకునేది ఆ మాట వినగానే. వాళ్లు ఎంతో కొంత బాధ్యత ఒప్పుకుని, మొత్తం దగ్గరే పేచీ పెడితే, ఒప్పుకున్న మేరకు వెంటనే కట్టాలి.

కేసును మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. వాయిదాలతో అంతకంటే ఎక్కువ పడుతుందని మనసులో ఉంచుకోండి. తీర్పు మీద యజమాని హైకోర్టుకు వెళ్లాలంటే 60 రోజుల్లో, అదీ తీర్పిచ్చిన మొత్తం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేసి వెళ్లాలి. కట్టకుండా తాత్సారం చేస్తే కమిషనర్ దాన్ని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించవచ్చు, దానికి మీరు మళ్లీ దరఖాస్తు పెట్టాలి, తనంత తానుగా జరగదు.

మనిషి చనిపోయిన కేసుల్లో, ఆడ కార్మికులకు ఒకేసారి ఇచ్చే మొత్తాల్లో యజమాని నేరుగా చేతికి ఇవ్వడం చెల్లదు, కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. చనిపోతే లెక్క 60 శాతానికి బదులు 50 శాతంతో వేస్తారు, 1,20,000కు తగ్గకూడదు. మీ తమ్ముడి విషయంలో నేరుగా ఇవ్వడానికి అడ్డులేదు గానీ, కమిషనర్ ద్వారానే తీసుకోండి. బ్యాంకు ఖాతా అతని ఒక్కడి పేరు మీద, ఆధార్‌తో కలిపి ఉండాలి. ఆధార్‌లోనూ పాస్‌బుక్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక ఉంటే డబ్బు ఆఫీసులోనే నెలలు ఆగిపోతుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా సంగతి ఎవరైనా చెబితే దానికోసం తిరగకండి, అందులో చెయ్యి, కాలు, కన్ను పోతేనే డబ్బు, వేళ్లకు రాదు. ఈ పరిహారం డబ్బును అప్పులవాళ్లు కోర్టు ద్వారా జప్తు చేయించలేరు, ఎవరికీ రాసిచ్చేయడానికి కూడా వీల్లేదు. వైద్యం కోసం మీరు చేసిన అప్పు తీర్చడానికి, ఆ డబ్బు రాకముందే దాన్ని హామీగా ఎవరికీ రాసివ్వకండి.